రంగూన్ నుంచి మత్తిగిరికి: ఒక గది, ఒక పని

ఈ మధ్య రంగూన్ నుంచి మనవాళ్ళు ఓడల నిండా వస్తున్నారు. ముందే వచ్చి ఇక్కడ పనుల్లో కుదురుకున్న భర్తల దగ్గరకు బయలుదేరే ఆడవాళ్ళు వారిలో చాలామంది. ఏ దారిన రావాలి, ఇల్లు దొరుకుతుందా, మాకు కూడా ఏదైనా పని ఉంటుందా అని నాకు ఉత్తరాలు రాస్తున్నారు. అందుకే 1955లో నేను వచ్చిన తీరు రాస్తున్నాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవుకు కూలికి వెళ్ళినవాడు. నేను అక్కడే పుట్టాను. ఇండియా నాకు పరదేశమే. నా భర్త నారాయణప్పది హోసూరు దగ్గరి బేరిగై. చిన్నతనంలోనే మేనమామ వెంట రంగూన్ వచ్చి పాలకొట్టులో పనిచేసేవారు. మా పెళ్ళి అక్కడే జరిగింది. తర్వాత హోసూరు పక్కనే ఉన్న మత్తిగిరి పశువుల ఫారంలో ఉద్యోగం దొరికి ఆయన ముందు వెళ్ళారు. రెండేళ్ళు ఉత్తరాలతోనే కాపురం చేశాం. చివరికి ఒక ఉత్తరంలో ఆయన ఇలా రాశారు: "నలుగురు మగవాళ్ళం ఒక గదిలో ఉన్నాం. నువ్వొస్తే ఇద్దరం కలిసి ఇల్లు వెదుకుదాం. దొరక్కపోతే కొన్నాళ్ళు బేరిగైలో మా అన్న ఇంట్లో ఉండాల్సి వస్తుంది." ఆ అన్న ఇంట్లో రెండు గదులకు పదకొండు మంది. మా ఆయన పదిహేను రోజులకు ఒకసారి వచ్చి చూసిపోవాలి. అంత దూరం వెళ్ళేది అలా ఉండటానికా అని దిగులు పడుతూనే ఓడెక్కాను.

ఐదో రోజు మద్రాసులో దిగాను. ఆయనకు దొరికిన సెలవు రెండే రోజులు. అవి ఇల్లు వెదకడానికి కావాలి కనుక రేవుకు రావద్దని నేనే రాశాను. మద్రాసు నుంచి జోలార్‌పేట దాకా రైలు, అక్కడి నుంచి కృష్ణగిరికి బస్సు. సాయంత్రానికి చేరి బస్సు స్టాండు పక్క సత్రంలో ఆగాను. వంటమనిషి నా మాట విని, "యా ఊరమ్మా మీది? మాట యాసగా ఉండాదే" అన్నాడు. రంగూన్ అంటే నమ్మలేదు. అయినా రాగి ముద్ద మీద చారు పోసి, అది నమలకూడదని, మింగాలని నేర్పించాడు. మొదటి ముద్ద గొంతులో అడ్డంపడింది. రెండో ముద్ద దిగింది.

పొద్దున ఏడు గంటల బస్సెక్కాను. హోసూరుకు రెండు గంటల పైన పడుతుంది, టికెట్టు రూపాయి పావలా. శూలగిరి దాటిన దగ్గర్నుంచి గాలి చల్లబడింది. డ్రైవరు వెనక సీటు నాది. రెక్సిను చిరిగి లోపలి కొబ్బరి పీచు బయటికి వచ్చింది. అది నా చీరకు గుచ్చుకుంటుంటే ఊరుకోలేక, "ఈ సీటు కుట్టేవాళ్ళు లేరా అన్నా?" అని అడిగాను. డ్రైవరు పేరు మునిరాజు. వెనక్కి తిరక్కుండానే, "కుట్టేవాడు బెంగళూరులో ఉండాడు తల్లీ. బండిని ఆడికి తోలుకోని పోయి రెండు దినాలు నిలపాల. ఓనరు ఒప్పడు" అన్నాడు. రంగూన్‌లో ఆరేళ్ళు నేను చేసిన పని అదే, మోటారు కార్లకు సీట్లు కుట్టడం. ఆ మాట చెబితే అద్దంలోంచి నన్ను ఒకసారి చూసి, "ఆడోళ్ళు ఈ పని చేసేది నేను చూడలేదు. ఉంటావు కదా ఈడే? మా షెడ్డు హోసూరు బస్టాండు వెనకాలే" అన్నాడు.

హోసూరులో దిగేసరికి మా ఆయన నిలబడి ఉన్నారు. బాగా చిక్కిపోయారు. కాఫీ తాగి వెంటనే ఇళ్ళ వేటలో పడ్డాం. మొదటి ఇంటాయన, "బర్మావాళ్ళు కుళ్ళిన చేప తింటారంట కదా?" అని అడిగి తలుపు వేసుకున్నాడు. రెండో చోట మా కులం అడిగారు. ఆయన చెప్పారు. మరి ఆమెది అన్నారు. రంగూన్ రేవులో కులాలు కలిసిపోయిన మా వంశానికి చెప్పడానికి ఒక్క పేరు లేదు. మూడో ఇల్లు బాగుంది కానీ అద్దె ఆయన జీతంలో సగం. మధ్యాహ్నానికి జట్కాలో మత్తిగిరి చేరాం. అప్పటికి నాలో ఆశ సగం పోయింది. బేరిగైకి ఆఖరి బస్సు ఎన్నింటికో ఆయన ఎవరినో అడుగుతుంటే, విననట్టు అటు తిరిగాను.

ఫారం దారిలో ఒక ఇంటి అరుగు మీద నడివయసావిడ చింతపండు గింజలు తీస్తోంది. పేరు లక్ష్మమ్మ. ఇంటి పక్కన మేత వేసుకునే గది ఉందని ఆయనకు ఎవరో చెప్పారట. ఆమె మమ్మల్ని కూర్చోమనలేదు. ఆయన్ను వదిలేసి నన్నే అడిగింది.

"పెండ్లి యాడ అయింది?"

"రంగూన్‌లో అమ్మా."

"ఈడోళ్ళు ఎవురన్నా చూసినారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. నేను, "ఎవరూ చూడలేదమ్మా. ఈయన వాళ్ళు కూడా నన్ను ఇంకా చూడలేదు" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు.

ఆమె చేతిలో గింజలు పక్కన పెట్టింది. "ఓడ మీద ఎన్ని దినాలు?"

"ఐదు."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

లక్ష్మమ్మ లేచి కొంగు దులుపుకుంది. "మొగుడు కాకపోతే ఇంత దూరం ఎవురొస్తారు? మేత తీసేసి పేడతో అలికిస్తాను. ఈ పూటకు నా ఇంట్లోనే తినండి. ఒగ నెల చూస్తాను, నాకు సరిపడకపోతే పొమ్మంటాను" అంది. నేను అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చేశాను. ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది.

మర్నాడు ఆయన సెలవు మిగిలి ఉండగానే బస్సు షెడ్డుకు వెళ్ళాం. ఓనరు నా మాట విని నవ్వాడు. మునిరాజు అక్కడే ఉన్నాడు. "ఒక సీటు ఇచ్చి చూడన్నా, పాడైతే నా నెత్తిన వెయ్యి" అన్నాడు. ముందురోజు రెండు గంటలు చూసిన మనిషి నా కోసం ఆ మాట ఎందుకన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. ట్రంకు పెట్టెలోంచి వంకర సూది, మైనం పూసిన దారం తీసి నేలమీద కూర్చున్నాను. పీచు ఆరబెట్టి, విడదీసి, మళ్ళీ నింపి కుట్టేసరికి మూడయింది. ఓనరు వచ్చి సీటు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "మిగిలినవి ఎప్పుడు చేస్తావమ్మా?" అన్నాడు. ఆ షెడ్డులో తొమ్మిదేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. ఇప్పుడు నా కింద ఇద్దరు ఆడవాళ్ళు కుడుతున్నారు.

నెల గడిచినా లక్ష్మమ్మ మమ్మల్ని పొమ్మనలేదు. మా ఆయన అన్న బేరిగై నుంచి మొదటిసారి నన్ను చూడటానికి వచ్చి గుమ్మంలో తటపటాయిస్తుంటే, "మా ఇంటి ఆడబిడ్డప్పా ఇది, కాళ్ళు కడుక్కోని లోపలికి రా" అంది. ఊరూ పేరూ అడిగి తలుపులు వేసినవాళ్ళ మీద నాకిప్పుడు కోపం లేదు. కొత్త మనిషిని చూసి భయపడటం ఎవరికైనా సహజం. ఆ భయం ఉండి కూడా కాస్త జరిగి చోటిచ్చినవాళ్ళు నాకు ఇద్దరు దొరికారు. పరదేశంలో ఒక మనిషి బతకడానికి ఇద్దరు చాలునని నా అనుభవం.

వచ్చేవాళ్ళకు ఒక్క మాట. ఇల్లు అడగడానికి మగవాళ్ళను ఒంటరిగా పంపకండి, పొద్దున వెళ్ళకండి. మధ్యాహ్నం మూడు దాటాక, ఇంటి ఆడవాళ్ళు పనులు ముగించుకుని అరుగు మీదకు వచ్చే వేళ మీరే వెళ్ళండి. అడిగిన ప్రతిదానికీ నిజం చెప్పండి. అద్దె మాట్లాడేది మగవాళ్ళే అయినా, తాళంచెవి ఉండేది ఆడవాళ్ళ కొంగునే.