చెవులతో చూసిన సినిమా

సినిమా చూడాలంటే సినిమా ఉన్నచోటికి మనమే వెళ్లవలసిన కాలం ఒకటుండేది. మరీ పాత సంగతేమీ కాదు. మా పెద్దాపురంలో అప్పటికే ఇంటింటికీ సెల్‌ఫోన్ వచ్చింది, కాని అందులో మాటలు తప్ప బొమ్మలు వచ్చేవి కావు. ఆ వయసులో నాకు ఏడాది రెండు భాగాలుగా ఉండేది: మా హీరో సినిమా వచ్చాక గడిచే రోజులు, రాబోయే ముందు గడవని రోజులు. చదువు ఈ రెంటి మధ్యా ఎక్కడో ఇరుక్కుని ఉండేది. చదవనని నేను ఎవరితోనూ ఎన్నడూ అనలేదు. రేపు చదువుతానని మాత్రం అనేవాణ్ణి, అదీ పూర్తి నిజాయితీతో. చదవడానికి ముందు చేయవలసిన పనులన్నీ ఎంతో శ్రద్ధగా చేసేవాణ్ణి. లెక్కల గైడుకు అట్ట వేశాను. నచ్చక తీసేసి ఇంకో అట్ట వేశాను. (మా హీరో మొహం సరిగ్గా మధ్యకు రాలేదు.) ఆ పుస్తకానికి అట్ట మార్చినన్నిసార్లు నేను పేజీ మార్చలేదు. అందుచేత ఇంటర్ రెండో ఏడు లెక్కల్లో ఒక పేపరు పోయినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాణ్ణి నేనే. ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే పోవడమేమిటి?

మా నాన్నగారు రైస్‌మిల్లులో గుమాస్తా. కోపం వచ్చినా గొంతు పెంచే మనిషి కాదు. "సప్లిమెంటరీ రాయి. అదీ పోతే మిల్లుకు వచ్చెయ్యి. బస్తాలు లెక్కపెట్టడానికి నీకొచ్చిన లెక్కలు చాలు," అని చెప్పి, మజ్జిగ పోసుకుని భోజనం ముగించారు. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే ఏదో నిర్ణయించిందని అర్థం. మర్నాడు పొద్దున్నే నన్ను మరిడమ్మ గుడికి తీసుకెళ్లి, అమ్మవారి ఎదురుగా నిలబెట్టి, నా నెత్తిమీద చెయ్యిపెట్టి, పక్కవాళ్లకు కూడా వినిపించేటట్టు మొక్కుకుంది. "వీడు పరీక్ష గట్టెక్కి, నీకు చీరా రవికెలగుడ్డా తెచ్చి పెట్టేదాకా సినిమా చూడడు తల్లీ." మా వైపు తల్లులు పిల్లల జుట్టు మొక్కుతారు, ఎవరూ తప్పుపట్టరు. జుట్టు మళ్లీ వస్తుంది. మా హీరో సినిమా మొదటి వారం మళ్లీ రాదు. అది ఇంకో నెలలోపే విడుదల.

"నన్ను ఒక్కమాట అడగొచ్చుగా అమ్మా?" అన్నాను మెట్లు దిగుతూ.

"నిన్ను కనేటప్పుడు అడిగానేంట్రా?"

అమ్మ మెట్ల దగ్గర చెప్పులు వేసుకోబోయినదల్లా ఆగి, ఏదో మర్చిపోయినట్టు మళ్లీ లోపలికి వెళ్లింది. తిరిగొచ్చి, "నేనూ సీరియల్ చూడనని చెప్పొచ్చాను. నీ ఒక్కడి మీదే పెడితే బాగోదు కదా," అంది. ఆ సీరియల్ అంటే అమ్మకు ఎంత పట్టింపో మా వీధిలో పాలుపోసే మనిషికి కూడా తెలుసు. ఆ సమయంలో గుమ్మంలోకి ఎవరొచ్చినా, ఎంత దగ్గర చుట్టాలైనా, ప్రకటనలు వచ్చేదాకా మంచినీళ్లు పుట్టేవి కావు. అప్పటికి అందులో పెద్దకోడలి చెల్లెలి పెళ్లి పీటలమీదికి వచ్చి ఉంది. అలాంటి సమయంలో వదులుకుంది. అమ్మవారు అడగను కూడా లేదు.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో టీవీమీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పేశారు. సీరియల్ వేళకు అటు ఇంట్లోంచీ ఇటు ఇంట్లోంచీ దాని పాట గోడలు దాటి వచ్చేది. సరిగ్గా అప్పుడే అమ్మ పెరట్లోకి వెళ్లి కుళాయి విప్పి, కిందపెట్టిన ఖాళీ బకెట్‌లోకి జోరుగా నీళ్లు వదిలేది. నిండిన బకెట్ మొక్కల్లో పోసి మళ్లీ పట్టేది. ఆ వేసవిలో మా పెరట్లో గోంగూర నడుమెత్తు పెరిగింది. అమ్మకు తోటపని మీద ఇంత శ్రద్ధ ఎప్పుడు కలిగిందా అని అనుకున్నాను గాని, అంతకుమించి ఆలోచించలేదు. ఆ రోజుల్లో నేను ఏ విషయంలోనూ అంతకుమించి ఆలోచించేవాణ్ణి కాదు.

ఇక్కడ మా డీటీఎస్‌గాడి గురించి చెప్పాలి. మా వీధిలోవాడే, నా క్లాసే. అన్ని పేపర్లూ పాసయ్యాడు. (ఎలాగో వాడికీ తెలియదు.) హాల్లో డీటీఎస్ సౌండులాగే నోటితో ఫైటింగులు, వర్షం, గుర్రాలు, గాజు పగలడం, అన్నీ పలికించగలడు కాబట్టి ఆ పేరు. సినిమా విడుదలరోజు పొద్దున్నే వాడు కాకినాడ బస్సెక్కాడు. నేను వాణ్ణి బస్సెక్కించి, చెయ్యి ఊపి, ఇంటికొచ్చి గైడు తెరిచి విషయసూచిక చదివాను. రాత్రి వాడు తిరిగొచ్చి మా అరుగు ముందు ఆగినప్పుడు నేను అడిగింది ఒక్కటే. "ఎలా ఉందిరా?"

"ఒక్కమాటలో చెప్పేది కాదురా," అన్నాడు వాడు, ఎటో చూస్తూ. "కూర్చుని చెప్పాలి."

మొక్కులో వినడం గురించి ఏమీ లేదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. లెక్కల్లో రాని తర్కం ఇందులో చకచకా వచ్చింది. అమ్మవారితో ఒప్పందం చూడకూడదనే కదా, వినకూడదని కాదు కదా అని నన్ను నేను ఒప్పించుకుని, మర్నాటి సాయంత్రం గైడు చంకన పెట్టుకుని, "వాడితో కలిసి చదువుకుంటానమ్మా," అని చెప్పి బయల్దేరాను. ("కలిసి" అన్నంతవరకు అది నిజమే.) మిల్లు వెనక ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంటుంది. రెండో పంట దాళ్వా ధాన్యం ఎత్తేశారు కాబట్టి ఖాళీగా ఉంది, కాని పగలంతా కాగిన నేల సాయంత్రానికి కూడా కూర్చోనిచ్చేది కాదు. గైడు కింద వేసుకుని దానిమీద కూర్చున్నాను. గణితశాస్త్రం నాకు చేసిన మొదటి ఉపకారం అది.

"ముందు నల్లగా ఉంటుందిరా," అని మొదలుపెట్టాడు వాడు.

"ఏది?"

"తెర. అప్పుడు కాళ్లు చూపిస్తాడు."

"ఎవరివి?"

"ఎవరివేంట్రా, మనోడివే. మట్టికాళ్లు. అలా నడుచుకుంటూ... ధన్... ధన్... ధన్..."

"మొహం ఎప్పుడు చూపిస్తాడ్రా?"

"నువ్వు కంగారుపడకు. ఇంకా కాళ్లే చూపిస్తున్నాడు."

చీకటి పడేవేళకు మోకాళ్లదాకా వచ్చాం. రెండున్నర గంటల సినిమాను వాడు రోజుకు కాస్త చొప్పున వారం దాటినా చెబుతూనే ఉన్నాడు. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి, కథ అద్భుతం. మా హీరో గోదావరిమీద లాంచీ నడుపుతాడు. చిన్నప్పుడు వరదలో తప్పిపోయిన అన్నయ్య ఉంటాడు. విలన్ నది మధ్యనున్న ఒక లంకను మొత్తం కాజేయాలని చూస్తుంటాడు, వాడి కుడిభుజమే ఆ అన్నయ్య. ఈ సంగతి అన్నకు తెలియదు, తమ్ముడికి తెలియదు, తల్లికి అనుమానం. పాటలు మాత్రం డీటీఎస్‌గాడికి సరిగ్గా వచ్చేవి కావు. "ఇక్కడ పాట," అని చెప్పి కాసేపు తల ఊపేవాడు. ఇంటర్వెల్ దగ్గర నిజంగానే లేచి బజ్జీల బండికి వెళ్లాడు, నన్నూ రమ్మన్నాడు. నేను అడ్డుప్రశ్న వేస్తే, "అది సెకండాఫ్‌లో తెలుస్తుంది. నీకు ఓపిక లేదురా, అందుకే లెక్కలు పోయాయి," అనేవాడు. ఈ లోపల పరీక్ష దగ్గరికొచ్చింది. సినిమా అయిపోగానే మొదలుపెడదామని నేను ఉన్నాను.

వాడు చివరకు లాంచీని వరదగోదావరి నడిమధ్యలో ఆపేశాడు. ఇంజన్ ఆగిపోయింది. లాంచీలో తల్లి, కట్లతో అన్నయ్య, ఏడుస్తూ హీరోయిన్. ఒడ్డున విలన్. నీళ్లలో హీరో. "రేపు క్లైమాక్స్," అన్నాడు డీటీఎస్‌గాడు. "రేపు కాస్త పెందరాళే రా." నేను ఇంటికి తేలిపోతూ వచ్చాను. వీధిలో సీరియల్ పాట అప్పుడే అయిపోయింది. పెరటివైపునుంచి లోపలికి వెళదామని సందులోకి తిరిగేసరికి గోడకు అటూ ఇటూ మాటలు వినిపించి ఆగాను. అవతల గోడమీద మోచేతులు ఆనించి పక్కింటి అత్తయ్యగారు, ఇవతల బకెట్ పక్కన అమ్మ.

"ఇవ్వాళ ఏమైందనుకున్నారు వదినగారూ! ఆ పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడండి, తీసుకునేసరికల్లా..."

"వద్దు వదినగారూ, చెప్పకండి."

"అయ్యో, చూడననే కదండీ మొక్కుకున్నారు? వింటే ఏమవుద్దండీ?"

నా వాదన. అక్షరం తేడా లేకుండా నా వాదనే, మా పక్కింటి గోడమీద. ఇది విని అమ్మ ఏమంటుందా అని నేను ఎంత ఆశగా నిలబడ్డానో చెప్పలేను. అమ్మ ఒప్పుకుంటే మా ఇద్దరిదీ ఒకే దారి.

"చెవిలో పడితే చూసినట్టే కదండీ," అంది అమ్మ. "ఆ పాట వినపడుతుందనే ఈ కుళాయి విప్పుకు కూర్చుంటున్నాను. పిల్లాడు చూడండి, అంత ఇష్టమైన బొమ్మ వదిలేసుకుని పుస్తకం పట్టుకుని తిరుగుతున్నాడు. వాడే ఉండగా లేంది నేనుండలేనా? వాడి పరీక్ష అయిపోనివ్వండి. వరసగా కూర్చుని వింటాను. ఏదీ మర్చిపోకండేం?"

నేను చప్పుడు కాకుండా వెనక్కి తిరిగి, వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చాను. గైడు బల్లమీద పెట్టాను. దానికి ఒకవైపంతా సిమెంటు దుమ్ము. పాంటుకు తుడిచాను.

మర్నాడు డీటీఎస్‌గాడి ఇంటికి వెళ్లి, "క్లైమాక్స్ వద్దురా," అని చెప్పాను. వాడు నాకేసి చాలాసేపు చూశాడు. "నిజంగానా?" అన్నాడు. "నిజంగానే. పరీక్షయ్యాక నేనే చూసుకుంటాను." వాడు భుజాలు దించి గట్టిగా ఊపిరి వదిలాడు. అది బాధ అనుకున్నాను. పాపం ఇన్నాళ్లూ గొంతు చించుకున్నాడు కదా అని ఓదార్చి కూడా వచ్చాను.

ఆ తర్వాత రోజులు వర్ణించదగ్గవి కావు. మనిషి చదువుతూ ఉంటే చూడ్డానికి ఏమీ ఉండదు. అమ్మ పెరట్లో బకెట్ నింపుతుంటే నేను గదిలో లెక్క చేసేవాణ్ణి. నీళ్ల చప్పుడు ఆగేదాకా లేవకూడదని పెట్టుకున్నాను. లేవాలనిపించిన ప్రతిసారీ ఇంకో బకెట్ మొదలయ్యేది. పాసయ్యాను. మార్కులు చెప్పుకోదగ్గవైతే చెప్పేవాణ్ణే. నాన్నగారు ఫలితం చూసి, కళ్లజోడు తీసి, "సరే, గట్టెక్కావు. అంచునే ఉన్నావు, కాస్త లోపలికి జరుగు," అన్నారు. మా ఇంట్లో అంతకుమించిన ప్రశంస నాకు ముందూ లేదు, తర్వాతా లేదు.

జాతర నెల వచ్చింది. అమ్మవారికి చీరా రవికెలగుడ్డా పెట్టి వచ్చిన సాయంత్రం, అమ్మ ముఖం కడుక్కుని, కొంగు దులుపుకుని, పక్కింటికి వెళ్లి పీట వాల్చుకుంది. నేనూ వెంట వెళ్లాను. "ఇప్పుడు చెప్పండి వదినగారూ, మొదట్నుంచీ."

అత్తయ్యగారు కాస్త ఇబ్బందిగా చూశారు. "ఏముందండీ. ఆ పెళ్లి ఇంకా అవుతోంది."

"ఇన్నాళ్లూనా?"

"తాళి చేతిలోనే ఉందండి. మధ్యలో ఎవరో ఆపమంటారు, వాళ్లెవరో ఇంకా చూపించలేదు."

అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వులోనే, "పదరా, నీ బొమ్మ చూసొద్దాం," అంది. అప్పటికి ఆ సినిమా కాకినాడ వదిలి మా ఊరి పాత హాలుకు వచ్చి, ఎత్తేయడానికి సిద్ధంగా ఉంది. మేమిద్దరం వెళ్లి ఫ్యానుకింద కూర్చున్నాం. తెర నల్లగా ఉంది. నేను ముందుకు వంగాను. కాళ్లు రాలేదు. విమానం వచ్చింది. అందులోంచి మా హీరో నల్లకళ్లద్దాలతో దిగాడు. దిగినవాడు చివరిదాకా ఆ పరాయిదేశంలోనే ఉన్నాడు. అన్నయ్య లేడు, తల్లి ఫోటోలో ఉంది, గోదావరి కాదు కదా పంటకాలువైనా లేదు. లాంచీ ఎప్పుడొస్తుందా అని నేను శుభం పడేదాకా చూశాను. "ఏంట్రా అలా దిగాలుపడ్డావు? నీ హీరోయేగా? బానే ఉంది కదా, ఇల్లు ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో," అంది అమ్మ.

మర్నాడు డీటీఎస్‌గాణ్ణి కళ్లానికి లాక్కెళ్లి నిలదీశాను. వాడు ఎక్కువసేపు ఆగలేదు. ఆ రోజు కాకినాడలో వాడికి టికెట్ దొరకలేదు. బస్సెక్కించి చెయ్యి ఊపిన నాకు మొహం ఎలా చూపించాలో తెలియక, హాలు పక్కన సైకిల్ స్టాండులో కూర్చుని లోపలి చప్పుళ్లు విన్నాడు. ఈల వినిపిస్తే ఫైటు. కేకలు వినిపిస్తే హీరో రావడం. నవ్వులు వినిపిస్తే కామెడీ. మిగతాదంతా వాడు ఇంటికొచ్చి కట్టుకున్నాడు.

"మరి క్లైమాక్స్?" అన్నాను.

"అదేరా నా బాధ. చివరి అరగంట హాల్లోంచి ఒక్క చప్పుడు రాలేదు. ఏం కట్టమంటావు? నువ్వు వద్దన్నావు గాని, ఆ రాత్రంతా నాకు నిద్రలేదు. ఆ లాంచీని ఎలా ఒడ్డుకు చేర్చాలో తెలిస్తే కదా."

నాకు కోపం రావలసింది. రాలేదు. ఆ సినిమా వాడూ చూడలేదు, నేనూ వినలేదు. అమ్మ నా నెత్తిమీద చెయ్యిపెట్టి చెప్పిన మాట, నా ప్రమేయం ఏమాత్రం లేకుండా, చెక్కుచెదరకుండా నిలిచింది. అమ్మవారు తన పని తను చూసుకుందన్నమాట.

డీటీఎస్‌గాడు ఇప్పుడు సామర్లకోటలో ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్ముతున్నాడు. బ్యాటరీ బాగుందని చెప్పేటప్పుడు కూడా నోటితో కొంత సంగీతం కలుపుతాడని విన్నాను. సినిమాలన్నీ జేబులో పట్టే ఈ రోజుల్లో, ఆఫీసు పని ముందేసుకుని, రేపు చేద్దామనుకుంటూ, నేను వేళ్లతో తెరను పైకి తోస్తూ కూర్చుంటాను. ఒక్కటీ పది నిమిషాలు నిలబెట్టదు. మొన్న అలాంటి ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాడికి ఫోన్ చేశాను. పిల్లల సంగతులు, మోకాళ్లనొప్పులు అయ్యాక, "ఒరేయ్, ఆ లాంచీ ఏమైందిరా?" అన్నాను.

ఏ లాంచీ అని వాడు అడగలేదు.

"దగ్గర్లోనే ఉన్నానురా," అన్నాడు. "ఇంజన్ ఎలా తిరిగి స్టార్టవుద్దో తోచింది. అన్నయ్య దగ్గరే తేలట్లేదు. రేపు చెప్తాను."

తొందరేమీ లేదని చెప్పాను.