గోటికి దొరికిన ఏడు

తూత్తుకుడి సముద్రంలో కోసిన పగడపురాతి పలకను చేత పట్టుకుని కోవిల్‌పట్టిలో బస్సెక్కాను. అప్పుడు పరిశోధక విద్యార్థినిని. రాతిలో ఒక్కో చార సముద్రానికి ఒక్కో ఏడు. నా లెక్కకు ఇరవై రెండు, ఎన్నోసార్లు సరిచూసిన లెక్క.

పక్కనున్న ఆవిడ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు లెక్కపెట్టి పేరుస్తుందట. నేను చెప్పిందంతా విని పలక అందుకుంది. కిటికీ బయటికి చూస్తూనే బొటనవేలి గోరు దాని మీద నడిపింది.

"ఇరవై మూడు ఉండాదిమా."

"ఇరవై రెండేనండీ."

"సన్నంగా ఒగటి ఇరుక్కోనుండాది. మేము చూసి ఎంచేది లేదు, వేలే ఎంచుతాది."

విరుదునగర్‌లో దిగిపోయింది.

ల్యాబ్‌లో ఎక్స్‌రే తీస్తే ఇరవై మూడు. ఆ సన్నటి చారకు ముందున్న ఏళ్లన్నీ ఒక్కో ఏడు వెనక్కి జరిపాను.

ఇప్పుడు నా విద్యార్థులను ముందు గోటితో లెక్కపెట్టమంటాను, కిటికీ బయటికి చూస్తూ.