ఇద్దరికీ సరిపోయే కవచం

ఈ కథలో నాకు ఒక్క దెబ్బ కూడా తగలదు. ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ కంగారు పడకండి. చర్మం గీరుకోదు, ఎముక విరగదు, పన్ను ఊడదు. పోయేది పరువొక్కటే. అది మాత్రం కర్నూలు స్కేటింగు రింకులో, ఆదివారం పొద్దున, పిల్లల తల్లిదండ్రులంతా ఉగ్గాని పొట్లాలు విప్పుకుని హాయిగా చూస్తుండగా, సాంతం పోయింది.

పాప నిద్రపోయింది. ఇల్లు సద్దుమణిగింది. ఇప్పుడు చెప్తాను.

నేను భయస్తురాలిని. మామూలు భయం కాదు. మా హారికకు ద్రాక్షపండు పెట్టాలంటే నాలుగు ముక్కలు కోసి, ఆ ముక్కల్లో మళ్ళీ గింజ ఉందేమో అని వెలుతురుకి పెట్టి చూసే రకం. అలాంటి నేను ఆరేళ్ల పిల్లను స్కేటింగులో ఎలా వేశానంటే, వేసింది నేను కాదు, మా ఆయన. ఆయనకు కరెంటు ఆఫీసులో ఉద్యోగం. తీగల మధ్య తిరిగే మనిషి కదా, భయం తక్కువ.

కొన్నాళ్లు బాగానే తిరిగింది. ఒకరోజు పడింది. మోకాలి మీద గోరంత చర్మం లేచింది. గాయం గోరంతే, కానీ నా కేక కొండంత. "అయ్యో నా బిడ్డా!" అని నేను అరిచిన అరుపుకి రోడ్డు మీది ఆటోవాడు గభాలున బ్రేకు తొక్కాడు. అప్పటికే ఆగి ఉన్న ఆటో అది. అంతవరకూ ఏడవని పిల్ల నా ముఖం చూసి, ఓహో చాలా పెద్ద దెబ్బే తగిలినట్టుంది అనుకుని, ఏడుపు లంకించుకుంది. ఆ సాయంత్రం స్కేట్లు మంచం కిందికి వెళ్లాయి. మళ్ళీ బయటికి రాలేదు.

బతిమాలాం, బొమ్మలు ఆశ చూపాం. ఊహూ. చక్రం అన్న ప్రతిదాన్నీ చూసి బెదరడం మొదలుపెట్టింది. సైకిలు వద్దంది. చివరికి చపాతీ పీట పక్కన అప్పడాల కర్ర దొర్లినా ఉలిక్కిపడేది. నా భయం నా బిడ్డకు జలుబులా అంటుకుందని నాకప్పుడు అర్థమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రింకు కోచ్ ఖాదర్ సార్ తల్లిదండ్రుల కోసం ఆదివారం హాకీ మొదలుపెట్టాడు. ఐసు మీద ఆడే హాకీ మీరు టీవీలో చూసే ఉంటారు. కర్నూల్లో ఐసు అంటే చెరుకురసం బండి మీద గోనెసంచిలో చుట్టి ఉండే దిమ్మ ఒక్కటే. దానిమీద ఇద్దరు నిలబడటమే కష్టం. అందుకని ఇక్కడ చక్రాల బూట్లతో, సిమెంటు మీద. పాపకు తోడుగా రెయిలింగు పట్టుకుని నేనూ కాస్త చక్రాలు తిప్పడం నేర్చుకున్నాను కదా, ఆ ధైర్యంతో పిల్లతో ఒప్పందానికి కూర్చున్నాను.

"నేను హాకీ ఆడతా. నాకేం కాకపోతే నువ్వు మళ్ళీ స్కేట్లు వేసుకోవాల. సరేనా?"

"నీకు దెబ్బ తగిల్తే?"

"తగలదు."

"శానా చిన్న దెబ్బ తగిల్నా?"

"తగలదంటున్నా కదా."

"గీరుకున్నా వేసుకోను చూడు" అంది. ఆరేళ్ల పిల్ల కాదు, ప్లీడరు.

అంటే పందెం ఇదీ: నా ఒంటి మీద గీత పడితే పాప స్కేట్లు శాశ్వతంగా మంచం కిందే.

ఖాదర్ సార్‌ని అడిగాను. "హెల్మెట్, మోకాళ్లకు, మోచేతులకు, మణికట్లకు. అంతే మేడం. మెల్లగా ఆడుకునే ఆట మనది. కానీ ఒంటికి పట్టినట్టు ఉండాల. వదులుగా ఉంటే ప్యాడు దెబ్బ తగిలే చోట ఉండదు, తగలని చోటే ఉంటాది" అన్నాడు.

మంచి మాట. మంచి మాటలు విని ఊరుకునేదాన్నయితే ఈ కథ ఇక్కడే అయిపోయేది. నేను ఇంటికొచ్చి ఫోన్లో ఐసు హాకీ వీడియోలు చూశాను. గుమ్మటాల్లాంటి మగవాళ్లు ఒకరినొకరు గోడకేసి గుద్దుకుంటున్నారు. వాళ్ల ఒంటి మీద ఏముందో అదంతా నాకు కావాలనిపించింది. భుజాలకు డిప్పలు, నడుముకు పరుపులాంటి నిక్కరు, మెడకు పట్టీ, చేతులకు లావుపాటి గ్లవ్సులు, ముఖానికి ఇనప జాలీ, పళ్లకు రబ్బరు. ఐసు లేదు, ఆట రాదు, ఒంటి నిండా కవచం. చలిదేశంలో వాళ్లు వేసుకునేదాన్ని మార్చి నెల కర్నూల్లో వేసుకుంటే ఏమవుతుందన్న ఆలోచన నాకు రాలేదు. డిగ్రీలో నాకు ఫిజిక్సులో మంచి మార్కులొచ్చాయని కూడా ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

ఇక సైజు. మా ఇళ్లలో వస్తువు కొనడానికి ఒక ధర్మశాస్త్రం ఉంది. యూనిఫారం రెండేళ్లు రావాలి. అన్న చొక్కా తమ్ముడికి రావాలి. స్వెట్టరు ఇంటిల్లిపాదికీ రావాలి. ఒక్కరికే సరిపోయే వస్తువు కొనడం మా దృష్టిలో దుబారా, ఇంకా చెప్పాలంటే స్వార్థం. ఆటసామాన్ల అంగడి శేషయ్య దగ్గర మా ఆయన్ని పక్కన నిలబెట్టుకుని ఆ ధర్మమే పాటించాను.

"ఈయన కూడా ముందు ముందు ఆడతానంటున్నారు. ఇద్దరికీ పనికొచ్చేది తెప్పించండి."

శేషయ్య నన్ను చూశాడు. నేను మునక్కాయ. మా ఆయన్ని చూశాడు. ఆయన వాళ్ల ఆఫీసు ట్రాన్స్‌ఫార్మరు. మళ్ళీ నన్ను చూశాడు.

"ఇద్దరికీ పనికొచ్చేది అంటే నా అంగట్లో గొడుగు ఒకటే ఉంటాది మేడం."

"మధ్య సైజు ఉంటుంది కదండీ?"

"ఉంటాది. అది మధ్యలో వాళ్లకు."

నేను వినలేదు. మా ఆయన ఏదో అనబోయి, పెళ్లయిన మగవాడు కాబట్టి మానుకున్నాడు.

ఆదివారం తెల్లవారి నేను అన్నీ తొడుక్కుని హాల్లోకి వచ్చేసరికి మా అత్త కాఫీ గ్లాసుతో ఎదురొచ్చింది. మా అత్తది జమ్మలమడుగు దగ్గర పల్లె. మాట కారం, చేతి వంట ఇంకా కారం. నన్ను కిందినుంచి పైదాకా చూసి గ్లాసు కింద పెట్టింది.

"ఏమ్మే, యాడికి పోతాండావు? ఆటకా, ఫ్యాక్షనుకా?"

"హాకీకి అత్తా."

"నిచ్చెనకు బొంత సుట్టినట్టుండావు. దాంట్లో నువ్వు యాడుండావో నాకు తెలీడంలే."

"సేఫ్టీ అత్తా."

"ఆ టోపీ సూడు, గంప బోర్లించినట్టుండాది. ఉండు." లోపలికెళ్లి తువ్వాలు తెచ్చి, మడిచి, హెల్మెట్లో కూరింది. నెత్తి మీద నుంచి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. "దిష్టి అని కాదులే. ఇట్లాంటిది సూసి ఎవురికీ దిష్టి తగలదు. నా మనసుకోసరం."

రింకుకు చేరాం. హారిక చేతిలో చిన్న సంచి, అందులో దాని స్కేట్లు. గెలిస్తే అక్కడికక్కడే వేయించేయాలని నేనే పట్టించాను. అది వాళ్ల నాన్న పక్కన గట్టు మీద కూర్చుంది. ముఖంలో ఆశ ఉందో, అనుమానం ఉందో ఇనప జాలీలోంచి నాకు తెలియలేదు.

ఖాదర్ సార్ నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరు భయ్యా?" అన్నాడు. పళ్లకు రబ్బరు పెట్టుకున్నాను కదా, "ఊఊ" అన్నాను. "మేడమా!" అని ఒకడుగు వెనక్కి వేశాడు. "వాహ్. లడాక్ పోతాండారా మేడం?"

విజిల్ పడింది. మొదటి రెండు నిమిషాలూ నేను ఒక చోటే నిలబడి ఉడికాను. రాగి సంగటి కుండ మూతేసి దించకుండా మరిచిపోతే లోపల ఎలా ఉంటుందో, అలా. చెమటకు తువ్వాలు తడిసి ముద్దయింది, ముద్దయి జారింది. అది జారగానే హెల్మెటుకు స్వాతంత్ర్యం వచ్చింది. నేను కుడికి తిరిగితే అది ఎడమకు చూస్తోంది. అలిగిన మొగుడూ పెళ్లాల్లా మేమిద్దరం ఒకే మెడ మీద కాపురం.

అప్పుడే బంతి నా కర్రకు తగిలింది.

"మేడం, కొట్టండి!" అని మావాళ్లు. తల గిరుక్కున తిప్పాను. హెల్మెటు సగమే తిరిగింది. నా కళ్ల ముందు చీకటి, నా కుడి కన్ను దగ్గర చెవి కోసం పెట్టిన చిల్లు. ఆ చిల్లులోంచి చూస్తే అల్లంత దూరంలో తెల్లని వల! దేవుడే దారి చూపించాడనుకున్నాను. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. బంతి వెళ్లి వలలో పడింది. తర్వాత చప్పట్లు. ఆ చప్పట్లు ఎదుటి జట్టువాళ్లవి.

"మేడం, అది మన గోలు!"

ఆగుదామనుకున్నాను. కానీ నడుము దగ్గరి పరుపు నిక్కరు అదే అదనుగా మోకాళ్ల దాకా జారి, రెండు కాళ్లనూ కలిపి కట్టేసింది. (లోపల ట్రాక్ ప్యాంటు ఉంది, నవ్వకండి.) మోకాలి ప్యాడ్లు అప్పటికే పిక్కల వెనక్కి పోయాయి. ఒంటి మీద అన్నీ ఉన్నాయి, ఏదీ దాని చోట లేదు. బంతి వెనకాలే నేనూ వెళ్లి అదే వలలో పడ్డాను. ఒక్కసారికి రెండు గోల్సు.

దెబ్బ? అస్సలు లేదు. పరుపుల అంగట్లో పడ్డట్టుంది. లేవడమే రాలేదు. వెల్లకిలా పడిన తాబేలులా కాళ్లూ చేతులూ గాలిలో ఆడిస్తున్నాను. గట్టు మీద నుంచి మా ఆయన గొంతు: "సునీతా! దెబ్బ తగిలిందా?"

"ఊఊ."

"తగిలిందంటావా, లేదంటావా?"

"ఊఊఊ!"

ఖాదర్ సార్ నన్ను లేపడానికి రావలసినవాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వుతూ అక్కడే ఆగిపోయాడు. నాకు చీకట్లో ఒక్కటే దిగులు. అయిపోయింది. అమ్మ పడింది, లేవలేదు, ఇంక నా బిడ్డ జన్మలో చక్రం ముట్టదు.

అంతలో నా చెవి చిల్లు దగ్గర ఒక చిన్న గొంతు.

"అమ్మా, యాడుండావు?"

"ఊ."

"ఏడుస్తాండావా?"

తల అడ్డంగా ఊపాను. హెల్మెటు ఊగలేదు. పాప రెండు చేతులతో హెల్మెటును పట్టుకుని, కుండ మూత తిప్పినట్టు తిప్పింది. వెలుతురొచ్చింది. జాలీ అవతల హారిక ముఖం. దాని కింద గౌను. గౌను కింద కాళ్లు. కాళ్లకు స్కేట్లు. ఎవరూ తొడగలేదు, ఎవరూ పట్టుకోలేదు. రింకు అంతా దాటి, ఒక్కతే, చక్రాల మీద వచ్చి నిలబడి ఉంది.

నా కడుపులోంచి ఆ పాత కేక, "అయ్యో పడతావే!" అన్నది, రైలుకూతలా బయలుదేరింది. గొంతు దాటింది. నోటిదాకా వచ్చింది. అక్కడ పళ్లకు బిగించిన రబ్బరుకు తగిలి ఆగిపోయింది. "ఊ" అని మాత్రమే బయటికొచ్చింది. ఆ రోజు ఒంటి మీద ఉన్న అన్నింటిలోకీ సరైన చోట ఉండి, సరైన పని చేసింది అదొక్కటే.

"ఏం కాలేదులేమ్మా, లెయ్యి" అంది హారిక, నాకు చెయ్యి అందిస్తూ. లాగబోయి తనే నా పొట్ట మీద పడింది. పడి, ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది, ఏడవాలా వద్దా అని. నేను అరవలేదు, అరవలేకపోయాను. అది నవ్వింది.

ఇంటికొచ్చాక ఒప్పందం ప్రకారం తనిఖీ జరిగింది. చేతులు, కాళ్లు, మోచేతులు. మెడ దగ్గర ఆగింది.

"ఇదేంది ఎర్రగా?"

మా అత్త వంగి చూసింది. "అది దెబ్బ కాదులే పాపా, చెమటకాయలు. ఎండాకాలంలో కంబళి కప్పుకున్నోళ్లకు వస్తాయి" అని చందనం తీయడానికి పోయింది. ప్లీడరు గారు కేసు కొట్టేశారు.

సరే, నాకు వదులైతేనేం, మా ఆయనకైనా పనికొస్తాయి కదా అని తొడిగి చూశాం. హెల్మెటు నెత్తి మీద తులసికోట మీద ప్రమిదలా నిలబడింది. నిక్కరు తొడల దగ్గరే ఆగింది. మధ్య సైజు మధ్యలో వాళ్లకేనని శేషయ్య అన్నది అక్షరాలా నిజం. ఇద్దరి కోసమని కొన్నది ఇద్దరికీ కాకుండా పోయింది.

"ఈటియ్యి, సూద్దాం" అంది మా అత్త.

హెల్మెటు పెట్టుకుంది. కొలత ఇచ్చి చేయించినట్టు కూర్చుంది. భుజాల డిప్పలు సరిగ్గా భుజాల మీద ఆగాయి. మోకాలి ప్యాడ్లు కొంగు బిగించినంత కుదురుగా బిగిశాయి. అత్త అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. ఆ తర్వాత అదే హెల్మెటు, అవే గ్లవ్సులతో వంటింట్లోకి పోయి, నూనె చిట్లుతుంటే చెక్కుచెదరకుండా మిరపకాయ బజ్జీలు వేసింది. ఒక బజ్జీ నాకందిస్తూ జాలీలోంచి అడిగింది.

"ఏమ్మే, ఆ వల కాడ ఊరికే నిలబడితే సాలంటనే? సక్రాలు అక్కర్లేదంటనే?"

అప్పటినుంచి మా జట్టు గోల్‌కీపరు మా అత్తే. కాన్వాసు బూట్లతో, చీర కుచ్చిళ్లు ఎగదోపి నిలబడుతుంది. ఎవరైనా బంతి పట్టుకుని దగ్గరికొస్తే "ఏమప్పా, పెద్దోళ్లనే మర్యాద లేదా?" అంటుంది. వాళ్లు సిగ్గుపడి ఆగేలోపు బంతి లాక్కుంటుంది. ఆవిడను దాటి మా గోలులోకి బంతి పోవాలంటే మళ్ళీ నేనే కొట్టాలి. హారిక ఇప్పుడు వెనక్కి కూడా స్కేటింగు చేస్తోంది. నేను గట్టు మీద కూర్చుని చూస్తాను, పళ్లకు రబ్బరు పెట్టుకుని.

కాబట్టి, తుంగభద్ర సాక్షిగా (ఎండలకు నీళ్లు కాస్త తగ్గాయి గానీ సాక్ష్యానికి చాలు) ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒకరి వస్తువు ఇంకొకరికీ రావాలని కొనను. పెరిగే పిల్లలని, ఉతికితే ముడుచుకుంటుందని, ముందు ముందు పనికొస్తుందని పెద్ద సైజు తీసుకోను. ఒంటికి ఏది సరిగ్గా పడితే అదే, ఒక్క అంగుళం అటూ ఇటూ కాదు.

పాపకు కొత్త స్కేట్లు ఒక సైజు పెద్దవి తీసుకున్న మాట నిజమే. కానీ అవి కొన్నది నిన్న, ప్రమాణం చేస్తున్నది ఈరోజు. కాబట్టి అవి లెక్కలోకి రావు.