నాయక్ కూతురు క్రేనెక్కిన వైనం

మా జామాయిల్ తోటకు ఆనుకుని ఒక రాజ్యం ఉంది. అరవై గడపలు, రెండు బోరింగులు, లెక్కలేనన్ని మేకలు. మామూలు జనం దాన్ని తండా అంటారు. దాని రాజు చందూలాల్. తాతల నాటి నుంచి నాయక్ పదవి వాళ్ల ఇంటిదే. ఎవరికి పెళ్లి కుదరాలన్నా, ఎవరి మేక ఎవరి చేలో పడ్డా తీర్పు ఆ వాకిట్లోనే. ఆ రాజుగారి ఒక్కగానొక్క కూతురు కమ్లి.

కమ్లి పుట్టిన రోజున గోదావరి రెండడుగులు వెనక్కి జరిగింది. మా ఇంటావిడ పున్నమ్మ నమ్మదు. ఎండాకాలం కదా, ఎవరు పుట్టినా జరుగుతుందంటుంది. పోనివ్వండి. ఎనిమిదో తరగతిలో ఉండగా, బురదలో దిగబడిన వరికోత మిషన్ను ఆ పిల్ల ఒక్కతే బయటికి నడిపిన మాట మాత్రం నిజం. అంతకు ముందు దాన్ని లాగలేక చేతులెత్తేసిన మా ఎద్దులు సిగ్గుతో రెండు రోజులు గడ్డి ముట్టలేదు.

ఇంటర్ అయ్యాక తోటి ఆడపిల్లలంతా నర్సింగు వైపు పోతే, కమ్లి హైదరాబాద్ పోయి క్రేన్ నేర్చుకుని లైసెన్సుతో తిరిగొచ్చింది. బూర్గంపాడు దారిలో కొత్తగా పెట్టిన కర్ర డిపోలో లారీల మీదికి దుంగలెత్తే క్రేన్‌కు మనిషి కావాలన్నారు. వెళ్లి నడిపి చూపించింది. మేనేజరు అనిల్‌కుమార్ ఒకటో తారీఖు నుంచి రమ్మని ఫోన్ చేశాడు.

చందూలాల్ ససేమిరా అన్నాడు. "నాయక్ బిడ్డ ఒకల కింద పని చేసుడేంది? కుదరదు."

కమ్లి సరాసరి మా ఇంటికొచ్చింది.

"తాతా, మా బాపు నీ మాటే ఇంటడు. ఇంగ్లీషు బడిల చదివినవ్ గద, ఏదో ఒకటి జెప్పి ఒప్పియ్యి."

నన్ను చదివించింది కాన్వెంట్ సిస్టర్లు. అబద్ధమాడొద్దని బెత్తంతో నేర్పారు గానీ, కథలు చెప్పొద్దని ఒక్కరూ అనలేదు. వెళ్లి చందూలాల్ మంచం మీద కూర్చున్నాను.

"యూరప్‌లో ఒక రాజకుమారి ఉందయ్యా. కోట ఉంది, కిరీటం ఉంది. అయినా పొద్దున్నే కిరీటం బీరువాలో పెట్టి తాళమేసి, అన్నం డబ్బా పట్టుకుని డ్యూటీకి పోతుంది."

"ఏం డ్యూటీ?"

"ఓడరేవులో క్రేన్ నడుపుతుంది. అడ్డమొస్తే ఓడల్నే ఎత్తి అవతల పెడుతుంది."

"మరి వాళ్ల నాయిన ఎట్ల ఒప్పుకుండు?"

"ఊరికే ఒప్పుకుంటాడా? కంపెనీ పెద్దలు కోటకొచ్చి, మిఠాయి తిని, నిండు సభలో పిల్లనడిగారు."

ఓడల దగ్గరే ఆపి ఉండాల్సింది. చందూలాల్ మీసం సవరించుకున్నాడు.

"గట్లనా? మరి నా బిడ్డను ఫోన్ల రమ్మనుడేంది? గా సారును రమ్మను. పంచాయతీల బెల్లం తిని అడిగితే పంపిస్త."

వాళ్లలో బెల్లం తినడం ఆషామాషీ కాదు. పెళ్లి ఖాయమైనప్పుడు రెండు వైపుల వాళ్లూ పెద్దల ముందు తింటారు. తిన్నాక మాట తప్పినవాడు తండా మొత్తానికి మేకను కోసి పెట్టాలి.

"మంచిగ ముంచినవ్ తాతా," అంది కమ్లి. "ఇగ సారును నువ్వే తోల్కరా."

మా తోట కోతకొచ్చింది, చూసి పొమ్మని అనిల్‌కుమార్‌ని పిలిచాను. తోట చూపించి, టీ తాగుదామని తండాకు తీసుకెళ్లాను. వాకిట్లో చాప, చుట్టూ పెద్దమనుషులు, పళ్లెంలో బెల్లం సిద్ధంగా ఉన్నాయి.

చందూలాల్ గొంతు సవరించుకున్నాడు. "సారూ, మా పిల్లను తీస్కపోతవా?"

అనిల్‌కుమార్ దిగ్గున లేచాడు. "నాకు పెళ్లయింది నాయక్ గారూ! ఇద్దరు పిల్లలు!"

"డ్యూటీకి సార్, డ్యూటీకి!" అని గుమ్మంలోంచి కమ్లి అరిచింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బతుకుజీవుడా అనుకున్న ఆ మనిషి తీసుకెళ్తానని మాటిచ్చి, ఒకటి కాదు, రెండు ముక్కలు తిన్నాడు.

వారం తిరక్కుండానే డిపో నుంచి కమ్లికి ఫోనొచ్చింది. ఓనరు వద్దన్నాడట. ఆడపిల్ల క్రేనెక్కితే లారీ డ్రైవర్లు ఊరుకోరట. కమ్లి ఫోను మంచం మీద బోర్లా పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. కబురు తెలిసి నేను వాళ్లింటికి వెళ్లాను. చందూలాల్ లోపల సంతోషిస్తుంటాడనుకున్నాను. చూస్తే తలపాగా చుట్టుకుంటున్నాడు.

"కాకా, వాడు బెల్లం తిన్నడా లేదా?"

"తిన్నాడు."

"ఎన్ని ముక్కలు?"

"రెండు."

"అయితే రెండు మేకలు. నడువుండ్రి."

ట్రాక్టరు ట్రక్కు నిండా జనం ఎక్కారు. నేనూ ఎక్కాను, ఇలాంటివి తప్పిపోతే నాకు నిద్ర పట్టదు. ట్రాక్టరును డిపో గేటుకు అడ్డంగా ఆపి అందరం కింద కూర్చున్నాం. అరుపుల్లేవు, జెండాల్లేవు. ఇటు లోడు లారీలు బయటికి రాలేవు, అటు ఖాళీ లారీలు లోపలికి పోలేవు.

అనిల్‌కుమార్ పరుగెత్తుకొచ్చాడు. "నాయక్ గారూ, ఏంటీ ధర్నా?"

"ధర్నా ఏంది సారూ? బెల్లం తిన్నంక చుట్టాలమే గద. దావతుకొచ్చినం. కట్టెలు మీ తాన్నే ఉన్నయ్, మేకల్ని తెచ్చి వండుడు సురువు జెయ్యి."

"బెల్లం ముక్కకి ఇంత గొడవా?"

"రెండు ముక్కలు," అన్నాడు ముసలి లచ్చిరాం. "తినేటప్పుడు తియ్యగనే ఉండె గదా?"

దమ్మపేట నుంచి వచ్చిన డ్రైవరు కోటేష్ క్యాబిన్లోంచి తల బయటపెట్టాడు. "ఎవరెత్తితే మాకేంది సార్? జల్దీ లోడుగావాలె. గా పిల్లనే ఎక్కనియ్యుండ్రి!" వెనక డ్రైవర్లంతా హారన్లతో అవ్ అన్నారు. అనిల్‌కుమార్ ఓనరుకు ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా ఆ హారన్లే వినిపించాడు. కాసేపటికి ఫోను జేబులో పెట్టి, కమ్లికేసి చూసి క్రేన్ తాళంచెవి అందించాడు.

కమ్లి ఎక్కింది. మోపెడు దుంగల్ని, పసిపిల్లను ఉయ్యాల్లో వేసినంత మెల్లగా లారీలో దించింది. గేటు దగ్గర చందూలాల్ అందరికీ చెబుతున్నాడు, యూరప్‌లో కూడా ఇట్లనే నడుస్తదని.

పైనుంచి హారన్ మోగింది.

"బాపూ! ట్రాక్టర్ తియ్యి, లారీ పోవాలె!"

పెద్దమనుషులంతా నాయక్ మొహంలోకి చూశారు. ఆయన ఒకసారి మీసం తడుముకున్నాడు. ట్రాక్టరెక్కి వెనక్కి తీశాడు.

"ఇంకొంచెం ఎడమకు," అంది కమ్లి.

ఎడమకే తిప్పాడు.