భుజం మీద చెయ్యి పడేదాకా

మా ఆవిడ పెద్దకర్మ అయిన మర్నాడు పక్క ఫ్లాటు అమ్మాయి ఫ్లాస్కులో కాఫీ తెచ్చిపెట్టి, అన్నాళ్లు మంచాన పడ్డ మనిషి కదా, ఒకందుకు ఆంటీకీ రిలీఫే, మీకూ రిలీఫే అంది. మంచి పిల్లే, ఓదార్చడానికే అంది. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. కాఫీ తాగాను గానీ రుచి తెలియలేదు. కర్మ పనులు ఎవరో చేయిస్తుంటే చేసి, మళ్లీ వచ్చి ఖాళీ మంచం పక్కన, ఆమె పడకేసినప్పట్నుంచీ కూర్చున్న అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాణ్ణి. లేచి పడుకోమని మా అమ్మాయి బతిమాలినా లేవలేకపోయాను.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, తుపాను వెలిసాక రిలీఫ్ అంటే బియ్యం, కిరసనాయిలు. వాటికోసం మా ఆవిడ కుచ్చిళ్లు ఎగదోపుకుని నీళ్లలోనే క్యూలో నిలబడేది. మా అత్తగారికి రిలీఫ్ అంటే మోకాళ్లకు రాసుకునే ఘాటు మందు. పూర్ణా మార్కెట్లో కొన్నదైతేనే పనిచేస్తుందని ఆవిడ నమ్మకం. నాకు మాత్రం రిలీఫ్ అంటే ఒక మనిషి. స్టీల్ ప్లాంటులో క్రేను నడిపేవాణ్ణి. కింద కరిగిన ఉక్కు ఉంటుంది కనక, షిఫ్టు అయిపోయినా తరవాతివాడు రానిదే సీటు వదలకూడదు. ఆ హోరులో మాట వినబడదు, అందుకని వచ్చినవాడు నిచ్చెనెక్కి, వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి పడితేనే లేవడం. మా ఆవిడ అన్నయ్యే, జాలరిపేటలో పడవ వదిలి ఉద్యోగంలో చేరిన మా బావే, నా రిలీవరు.

ఓసారి తుపానుకి దారులన్నీ మూసుకుపోయి బావ రాలేకపోయాడు. మా ఇంట్లోకి నీళ్లొచ్చాయని తెలిసినా నేను కదల్లేదు. మర్నాడు బావ వచ్చి చెయ్యి వేశాక, బురదలో పడుతూ లేస్తూ ఇల్లు చేరితే మా ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టింది.

“రిలీవరొచ్చినాడేటి? ఒగ్గీసి వొచ్చీనేదు గదా?”

వచ్చాడన్నాకే అన్నం పెట్టింది. మొన్న మాట పడిపోయే ముందు కూడా, నా కుర్చీ వంక చూసి, “నీకు రిలీవరెవులున్నారు?” అనడిగింది. ఎవరూ అక్కర్లేదన్నాను.

పక్క ఫ్లాటు అమ్మాయి కాఫీ ఇచ్చిన రోజు సాయంత్రం బావ వచ్చాడు. చెల్లెలి మంచం వంక కాసేపు చూసి, నా వెనక్కి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“లేయ్ బావా. నానొచ్చీసినాను.”

నేను లేచాను. నా కుర్చీలో బావ కూర్చున్నాడు.

ఇప్పుడు క్రేన్లు ఏసీ గదుల్లోంచి బొత్తాలు నొక్కి నడుపుతున్నారట, నిచ్చెన ఎక్కే పనే లేదట. మంచిదే. నేను గుమ్మం దాకా నడిచి, అలవాటుగా చెప్పులేసుకున్నాను. డ్యూటీ దిగితే ఇంటికి, ఆమె దగ్గరికి పోవడం ఒక్కటే నాకు తెలుసు. ఇంట్లోనే ఉన్నానని ఆ తరవాత గుర్తొచ్చింది.