గొంతు బయటికి పోని గది

మొన్న పక్కింటి పాప ట్యాబ్‌లో సైన్సు పాఠం వింటుంటే, ఎక్కడో విన్న గొంతులా ఉందే అనుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాను. అది నా గొంతేనని తెలియడానికి నాకే కాసేపు పట్టింది.

మండపేటలో నేను ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన ప్రైవేటు బడి కరోనాలో మూతపడింది. ఆ రోజుల్లోనే మావారికి పక్షవాతం వచ్చింది. డిజిటల్ పాఠాలు తయారుచేసే ఒక కంపెనీ రాజమండ్రిలో ఉందంటే, పాఠం చెప్పడమే కదా, మనకి తెలిసిన పనే అనుకుని సంబరంగానే చేరాను. తీరా చూస్తే అక్కడ పిల్లలు లేరు. చప్పుడు చొరబడకుండా గోడలకి స్పాంజి అతికించిన చిన్న గది, ఫ్యానైనా వెయ్యనివ్వరు, ఎదురుగా మైకు, ఎవరో రాసిచ్చిన వాక్యాలు. అలవాటుకొద్దీ మధ్యమధ్యలో అర్థమైందా అని అడిగేదాన్ని. మేనేజరు గారు మర్యాదగానే, "జవాబు చెప్పేవాళ్ళు లేరు కదండీ మేడమ్, అది తీసేద్దామండి" అనేవారు. రోజూ పొద్దున్నే మానేద్దామనుకోవడం, మావారి మందులు గుర్తొచ్చి బస్సెక్కడం.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, ఆ గది తలుపు హ్యాండిల్ విరిగి నా చేతికొచ్చింది. ఫోను బయట బల్ల మీద ఉండిపోయింది. తలుపు బాదాను, అరిచాను. ఆ గోడలు నా కేకని నా ముందే మింగేశాయి. ఒళ్ళంతా చెమటలు, ఊపిరి ఆడడం లేదు, ఇంట్లో ఆయనకి మంచినీళ్ళెవరిస్తారని ఏడుపొచ్చేసింది. ఆ దడ తగ్గించుకోవడానికి, మైకు ఆపలేదన్న సంగతే మరిచిపోయి, ఎదురుగా పిల్లలున్నట్టు పాఠం మొదలుపెట్టాను. వెనక బెంచీ వాణ్ణి లేపి, రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఆ చక్రాలు తిరగడం ఆగిపోతే రొయ్యలకేమవుతుందిరా అని అడిగాను, వాడు చెప్పేదాకా ఆగాను.

ఎడిటింగు చేసే భీమవరం అమ్మాయి అన్నం తిని వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఇదంతా వినపడిందట. పరుగున వచ్చి బయటినుంచి తలుపు తీసి, నన్ను పట్టుకుని, "ఊపిరాడనప్పుడు పాఠం చెప్తారేంటండీ మేడమ్ గారూ!" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది. దీన్నే పాఠంగా పెడదామని మేనేజరు గారికి వినిపించింది కూడా. ఆయన శ్రద్ధగానే విని, మధ్యలో ఖాళీలు ఎక్కువున్నాయని చెరిపించేశారు.

నేను మానలేదు. మావారు గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేదాకా ఆ గదిలోకే వెళ్ళాను.

ఇప్పుడు పాఠాలకి మనిషి గొంతే అక్కర్లేదట, కంప్యూటరే పలుకుతోందని ఆ అమ్మాయి ఫోనులో చెప్పింది. ఇంకెవరూ ఆ ఉక్కలో కూర్చోనక్కర్లేదని సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా. కానీ మన రోజుల్లో, పాఠం మధ్యలో ఒక్క పిల్లవాడు తెల్లముఖం వేస్తే చాలు, బోర్డు తుడిచేసి మళ్ళీ మొదటినుంచి చెప్పేవాళ్ళం. ఆ తెల్లముఖం ఇప్పుడు ఎవరి కంటా పడడం లేదు.