నీలమ్మ గెలిచిన ఉప్పాట

మా చెల్లెలు నీలమ్మ సెల్‌ఫోనుకి ఒక వాసన ఉంది. కుట్టుమిషను నూనె, గంజి వదలని కొత్త జాకెట్టు గుడ్డ, గంటసేపు ఆడాక వేడెక్కిన ఫోను వీపు, ఈ మూడూ కలిసిన వాసన. రాజాంలో బజారు వెనక ఒక్క గదిలో ఆవిడ జాకెట్లు కుడుతుంది. అరవై అయిదేళ్ళు దాటాయి. పసితనంలో జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది కాబట్టి కుడికాలితోనే మిషను తొక్కుతుంది. గిరాకీ లేనప్పుడు ఫోను మిషనుకి ఆనించి, ఇళ్ళ కప్పుల మీద దూకుతూ పరుగెత్తే బొమ్మ ఆట ఒకటి ఆడుతుంది. కాలు లేని ముసలమ్మ ఫోనులో పరుగెడుతోందని నేను జాలికథ చెప్పబోతున్నానని అనుకున్నవాళ్ళు ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోవచ్చు. ఆవిడకి జాలి అక్కర్లేదు. ఇచ్చే అర్హత నాకూ లేదు.

మా వైపు నడిచే చిన్న పత్రిక ఒకటి పిల్లల సంచిక వేస్తూ, ఆనాటి ఆటల గురించీ ఈనాటి వీడియో గేముల గురించీ నన్ను రాయమంది. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. ఆ తర్వాత ఉప్పు బస్తాల మీద అచ్చు, గూడ్సు పెట్టెల మీద సుద్దరాతలు, బెల్లం పొట్లం కట్టిన కాగితాలు చదువుకుంటూ అక్షరం పట్టినవాణ్ణి. నన్ను రాయమన్నారంటే ఒళ్ళు పొంగిపోయింది. అందరూ రాసేదే రాశాను. మా ఆటలు బంగారమన్నాను, ఈ ఆటలు విషమన్నాను, మేము కలిసి ఆడి కలిసి తిన్నామనీ ఈ కాలం పిల్లగుంటలు మూలన కూర్చుని బొటనవేళ్ళు అరగదీసుకుంటున్నారనీ తిట్టాను. మా నౌపడ ఉప్పుమడుల్లో ఆడిన ఉప్పాట గురించి ఒక పేరా వెన్న రాసి మరీ పెట్టాను. అచ్చయింది. కనబడ్డవాళ్ళంతా మెచ్చుకున్నారు. నీలమ్మ మాత్రం రాజాం నుంచి ఫోను చేసింది.

"అన్నియ్యా, ఉప్పాట గురించి బాగ రాసేవు. నన్ను ఉప్పునీట్లో నిలబెట్టింది రాయలేదేటి? కాయితం సాల్లేదా?"

నేను నోరు తెరిచేలోపు పెట్టేసింది. అందుకని రెండోసారి రాస్తున్నాను. ఈసారి వెన్న లేదు.

ఎండాకాలం ముదిరే కొద్దీ నౌపడలో గాలికి రుచి వచ్చేది. పెదవి నాక్కుంటే ఉప్పు, రెప్ప నలుపుకుంటే ఉప్పు, అమ్మ కుండలోంచి వంచి పోసిన గంటి అంబలిలో ఎవరూ వెయ్యకుండానే ఉప్పు. కాలవ నీరు మడుల్లోకి తోడి, ఎండకి చిక్కబెట్టి, తెల్లగా పెచ్చు కట్టాక చెక్కపారలతో గీసి కుప్పలు పోసి, వానకి కరగకుండా తాటాకు కప్పేవారు. మా అయ్య రోజంతా ఆ నీళ్ళలో నిలబడి వచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకుని, పగుళ్ళలోకి కరిగిన మైనం చుక్కలు చుక్కలుగా పోసుకుంటూ, నొప్పి పుట్టినప్పుడల్లా ఎదురుగా ఎవరుంటే వాళ్ళని తిట్టేవాడు. జీడిపళ్ళ కాలంలో మేము పండుని నిలువునా చీల్చి, మడిలో అప్పుడే తేలిన ఉప్పు అద్దుకుని, గొంతు పట్టేసి దగ్గొచ్చేదాకా తినేవాళ్ళం. నిప్పుల్లో కాల్చిన ఎండు నెత్తళ్ళు జేబులో వేసుకుని పోతే సాయంత్రం దాకా చొక్కా వాసనేసేది. అమ్మోరి పండగకి అమ్మ బెల్లం కలిపి వండిన పరమాన్నంలోకి కూడా మా చేతివేళ్ళ ఉప్పు దిగేది. ఇవన్నీ నిజమే. మొదటి వ్యాసంలో ఇలాంటివే రాసి ఆపేశాను.

ఇప్పుడు ఆట. అమావాస్య నాడు మడి పని ఉండదు. గీసేసిన మడులు ఎండి పడుంటాయి, మధ్యలో గట్లు గళ్ళు గీసినట్టుంటాయి. ఒక పక్షం గట్లు కాస్తుంది. వాళ్ళు గట్టు దిగకూడదు, గట్టు మీదే అటూ ఇటూ పరుగెత్తాలి. రెండో పక్షం తాకుడు తగలకుండా మడి తర్వాత మడి దాటి, ఆఖరి మడిలో చిటికెడు ఉప్పు తీసుకుని, అదే దారిన వెనక్కొచ్చి, కాపలా నాయకుడి మూతికి రాసి "ఉప్పో" అని అరవాలి. అరిస్తే కాపలా పక్షం ఓడినట్టు. ఓడిన నాయకుడు చిక్కటి ఉప్పునీటి గుంటలో నిలబడాలి, గెలిచినవాళ్ళు నూరు లెక్కపెట్టేదాకా. దాటకుండా దాటానని బొంకినవాడికీ అదే శిక్ష, దాన్ని దొంగుప్పు అనేవాళ్ళం. పగుళ్ళు లేని కాలు మాలో ఒక్కరికీ లేదు. ఆ నీరు పగులులోకి దిగితే ఎముక దాకా మండుతుంది. పెద్దవాళ్ళు ఆపేవారు కారా అని అడుగుతారేమో, గట్టున కూర్చుని చుట్ట కాల్చుకుంటూ నవ్వేవారు. "బిగపట్టరా, గుంటడా! రేపు మడిలో దిగాల్సినోడివి" అనేవారు.

నీలమ్మ మా ఆటలో అరటిపండు. అంటే ఆడుతుంది, లెక్కలోకి రాదు. తాకినా ఔటు కాదు, ఉప్పు తెచ్చినా గెలుపు కాదు. చేతకాని పిల్లల్ని ఇంట్లో వదిలేస్తే ఏడుస్తారని అలా కలుపుకుంటారు. ఇది మా దయ అని మొదటి వ్యాసంలో రాసుకున్నాను కూడా. దయ మాట దేవుడెరుగు, నాలుగేళ్ళు దాన్ని గాలిని చూసినట్టు చూశాం.

దానికి తొమ్మిదో ఏడు. నాకు పన్నెండు. ఆ అమావాస్య నాడు నేను కాపలా నాయకుణ్ణి, నా ఈడువాడు అప్పన్న దాటే పక్షానికి నాయకుడు, నీలమ్మ వాడి వైపు. ఆట మొదలెట్టే ముందు నీలమ్మ నా ఎదటికి వచ్చి నిలబడింది.

"నన్నూ లెక్కలో ఎయ్యండి."

"ఔటయితే ఏడుస్తావే."

"ఏడవను. ఎయ్యి."

"ఎయ్యరా బావా, మాకేటి పోయింది," అన్నాడు అప్పన్న, పళ్ళన్నీ బయటపెట్టి.

"ఏసేను, పో," అన్నాను. పదిమంది విన్నారు. నాకు సులువుగా ఒక ఔటు దొరికిందని లోపల సంబరపడ్డాను.

కానీ నాలుగేళ్ళ అలవాటు ఒక్క మాటతో పోతుందా? మా కళ్ళు అప్పన్న మీదే. వాడు పాములా మెలికలు తిరిగి మూడు మడులు దాటి దొరికిపోయాడు. వాడి వెనకవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు దొరికారు. మేము కేకలు పెడుతూ గంతులేస్తున్నాం. అప్పుడు నా మూతికి ఏదో గరుగ్గా రాసుకుంది. చూస్తే నీలమ్మ. కాలు ఈడ్చుకుంటూ, మేము అటు పరుగెడితే ఇటు, ఇటు పరుగెడితే అటు, ఆఖరి మడి దాకా పోయి వచ్చింది. చెమటకి గుప్పిట్లో ఉప్పు సగం కరిగిపోయింది.

"ఉప్పో!" అంది. అరవలేదు, ఊపిరి లేదు.

ముందురోజే చెక్కపార తగిలి నా కాలి బొటనవేలు చీలింది. అయ్య మైనం పోశాడు, ఇంకా పచ్చిగానే ఉంది. గుంట వైపు చూశాను. చెల్లెలి మొహం చూశాను. వేలు చూసుకున్నాను.

"అరటిపండు కదే, లెక్కలేదు," అన్నాను.

"లెక్కలో ఏసేవు కదా అన్నియ్యా!"

"నానెప్పుడేసేను?"

అది అప్పన్న వైపు తిరిగింది. వాడు దాని నాయకుడు. వాడొక్క మాటంటే గెలుపు వాళ్ళది, గుంటలో నేను. వాడు దాటలేని మడులు ఆ కుంటిది దాటిందని పదిమందిలో ఒప్పుకోవాలి, అంతే. వాడు ఉమ్మేసి, "లేదే, ఎయ్యనేదు," అన్నాడు. ఆ తర్వాత మిగతావాళ్ళకి నేర్పక్కర్లేదు. "దొంగుప్పు! దొంగుప్పు!" అని చప్పట్లు మొదలెట్టారు. దాన్ని రెక్క పట్టుకుని గుంటలో దించారు. ఈడ్చి నడిచే కాలు కాబట్టి దాని మడమ దగ్గర ఎప్పుడూ ఒక పుండు ఉండేది. అది అందరికీ తెలుసు.

లెక్కపెట్టింది నేనే. యాభై దాకా వచ్చి, మళ్ళీ నలభై నుంచి మొదలెట్టాను. పిల్లలు పడి పడి నవ్వారు. ఆ నవ్వు కోసం అరవై దగ్గర ఇంకోసారి అదే పని చేశాను. నీలమ్మ గుంటలోంచి నా మూతి వైపే చూస్తోంది. అది రాసిన ఉప్పు నా పెదవి మీద ఇంకా ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ మడమ చూసి అడిగితే గుంటలో పడ్డానంది. "కుంటిముండవి, నీకేటే ఆట," అని అయ్య చెంప మీద కొట్టాడు. నేను పక్కనే కూర్చుని అంబలి తాగుతున్నాను, తాగడం ఆపలేదు. మర్నాటి నుంచి అది ఆటకి రాలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు.

నీలమ్మ ఫోను చేసిన కొన్నాళ్ళకి రాజాం వెళ్ళాను. విషమని రాసినవాణ్ణి ఒక్కసారైనా రుచి చూడాలి కదా. వారం రోజులు నీలమ్మ ఫోను పట్టుకుని కూర్చున్నాను. బొమ్మ రెండు ఇళ్ళు దాటకుండానే గోడకి గుద్దుకునేది.

"సూడు, సచ్చిపోనావు," అనేది నీలమ్మ కాజాలు కుడుతూనే. "ఎవులైనా నవ్వినారా? మల్లీ నొక్కు."

"ఇదీ ఒక ఆటేనేటే?"

"గోడ గోడే, గొయ్యి గొయ్యే. నిన్నట్నుంచి ఇయ్యాలకి మారదు. ఎవులి సెల్లెలో, ఏ కాలు కుంటిదో దానికి అక్కర్నేదు. నాకదే సాలు."

ఇది ఆ ఆటలకున్న పెద్ద గుణం, ఒప్పుకుంటున్నాను. ముందు చెప్పిన నియమాన్ని మధ్యలో మింగెయ్యదు. ఓడిపోయినవాణ్ణి పదిమంది ముందు నిలబెట్టదు. నూరుసార్లు ఓడనిచ్చి నూటొకటోసారి కూడా విసుక్కోకుండా మొదటికి పంపిస్తుంది. అంత ఓపిక మా ఊళ్ళో ఏ మేష్టరుకీ లేదు, ఉంటే నేను మూడో తరగతితో ఆగేవాణ్ణి కాదు.

తప్పులూ ఉన్నాయి, వాటినీ వదలను. ఆపడం దానికి తెలియదు. మాకు పొద్దుగుంకితే ఆట అయిపోయేది, దానికి పొద్దే లేదు. రేపు కూడా రమ్మని బహుమతులు చూపించి గోకుతూనే ఉంటుంది. ఆ ధ్యాసలోనే నీలమ్మ ఇస్త్రీపెట్టె మరిచిపోయి ఎవరిదో పెళ్ళి జాకెట్టు వీపు కాల్చి, తప్పు కరెంటు మీదికి నెట్టింది. పక్కింటి గుంటలు ఆడే తుపాకుల ఆటలో మనుషులు పడిపోయి మాయమైపోతారు, శవం మొయ్యక్కర్లేదు, వాళ్ళ అమ్మ ఏడుపు వినక్కర్లేదు. ఇంకొకటి నాకు మరీ ఒళ్ళు మండేది. నియమం ఎక్కడో కూర్చున్నవాడు రాసి పంపిస్తాడు. పిల్లవాడు దాన్ని మార్చలేడు, దాని మీద పోట్లాడలేడు. మా ఆటలో సగం నియమాల మీద పోట్లాటే. ఆ పోట్లాటలో ఒక్కడు, ఒకే ఒక్కడు, నీలమ్మ పక్షాన మాట్లాడి ఉంటే ఆట నిలబడేది. ఫోనులో అలా నిలబడే అవకాశం ఎవడికీ రాదు. మాకు వచ్చింది. ఏం చేశామో చెప్పాను.

వీడియో గేములు ఆడి పిల్లలు కర్కోటకులైపోతున్నారని సభల్లో గొంతు చించుకునే పెద్దమనుషులకి ఒక ప్రశ్న. నలభై నుంచి మళ్ళీ లెక్కపెట్టడం నాకు ఏ గేము నేర్పింది? ఏ తెర చూసి నేర్చుకున్నాను? గట్టు మీద చుట్ట కాలుస్తున్న తాతలు చాలారు.

ఇదంతా రాసి, పత్రికకి పంపేముందు మొన్న రాజాం తీసుకెళ్ళి నీలమ్మకి చదివి వినిపించాను. హుక్కులు కుడుతూ వింది. గుంట దగ్గరికి వచ్చేసరికి సూది ఆపింది.

"ఏడ్సేనని రాసేవు. నానేడవలేదు. కొట్టీ."

కొట్టేశాను. మిగతా అంతా విని దారం కొరికింది.

"అప్పన్నకి ఇనిపించేవా?"

"అప్పన్న పోనాడు కదే."

"మరి ఆ రోజు సప్పట్లు కొట్టినోలు?"

ఒక్కొక్కరినే తలుచుకున్నాను. ఒకడు పడవతో పోయాడు, ఒకామెని కాన్పులో పోగొట్టుకున్నాం, మిగతావాళ్ళు రోగాలకీ వయసుకీ పోయారు. ఆ అమావాస్య నాడు మడుల్లో ఉన్నవాళ్ళలో మేమిద్దరమే మిగిలాం.

"మరెవులికి రాసేవిది? ఈ పేపరు సదివినోలు నాకేటవుతారు? ఆ పదిమందీ ఇనాల. ఆల్లు నోరు మూసుకోడం నాను సూడాల." హుక్కు లాగి చూసింది. "పంపీ. నువ్వు రాసుకున్నావు, నీకు బావుంటాది. ఎలుగుకి అడ్డొచ్చేవు, జరుగు."

జరిగాను. నౌపడలో మడులు ఇంకా ఉన్నాయి, ఇప్పటికీ ఉప్పు గీస్తున్నారు, ఆ గుంట ఉండే చోటు వెళ్ళి చూపించగలను. ఆడిన పిల్లలే లేరు. నా మొదటి వ్యాసం అచ్చయినప్పుడు అప్పన్న బతికే ఉన్నాడు. పత్రిక చంకన పెట్టుకుని మా అరుగు మీదికి వచ్చి, "బంగారం లాటి రోజులు రా బావా," అని నా వీపు తట్టాడు. నీలమ్మ ఫోను చేసినప్పుడూ ఉన్నాడు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ మధ్య వానల్లో వాడు పోయాడు.